మూడో పిలుపుకు పలికే లంక

రంగూనులో పుట్టి పెరిగిన నాబోటివాళ్ళకు ఇండియా ఇప్పుడు పరాయి దేశం. అనుకోవడానికి చిత్రంగా ఉన్నా పాస్‌పోర్టు ఆ మాటే చెబుతుంది. వెళ్ళడానికి ఒక అనుమతి, మళ్ళీ ఇక్కడికి రానివ్వడానికి ఇంకో పర్మిట్టు, మశూచి టీకా వేయించుకున్నట్టు డాక్టరు కాగితం. ఇవన్నీ చేతికి వచ్చేసరికి నా చెప్పులు అరిగిపోయాయి. ఈమధ్య మన తెలుగువాళ్ళు చాలామంది ఒకసారి ఊరు చూసి వద్దామనుకుంటున్నారు. పోయిన డిసెంబరు సెలవుల్లో నేను మా నాన్నను తీసుకుని కొల్లేటికి వెళ్ళివచ్చాను. దారి ఎలా ఉంటుంది, ఎక్కడ దిగాలి, ఏం పట్టుకెళ్ళాలి అని మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. టీచరుకు ఉన్న ఓపికంతా పిల్లలే తినేస్తారు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న పేరు పెద్దిరాజు. కొల్లేటి నడుమ ఒక చిన్న లంకలో, చేపలు పట్టుకు బతికే ఇంట్లో పుట్టాడు. కన్నతల్లి పురిట్లోనే పోతే అక్క నాంచారమ్మ ఎత్తుకు పెంచింది. మీసాలు మొలిచే వయసులో బియ్యం మిల్లు పనికని రంగూను వచ్చాడు. యుద్ధానికి ముందు ఊరికి వెళ్ళేవాళ్ళ చేత అక్కకు ఒక చీరో, ఒక మంచి మాటో పంపుతూనే ఉండేవాడు. బాంబులు పడ్డప్పుడు అందరిలాగే మేమూ కాలినడకన ఇండియాకు బయలుదేరాం. ప్రోము ఊరు దాటాక నాకు ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. నన్ను మోసుకుని అమ్మానాన్నలు వెనక్కి తిరిగారు. మిగిలిన గుంపు ముందుకు వెళ్ళిపోయింది. యుద్ధం అయ్యాక నాన్న రెండు ఉత్తరాలు రాయించాడు. జవాబు రాలేదు. అక్కకు కోపం వచ్చిందనుకున్నాడు. అక్క లేదేమోనని కూడా అనుకుని ఉంటాడు గాని ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

పోయిన వానాకాలంలో నాన్న జ్వరం తగిలి మంచం పట్టాడు. ఆ జ్వరంలో పలవరించినదంతా అక్క గురించే. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. అమ్మను ఒక్కసారి కూడా పిలవలేదే అని నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది. తేరుకున్నాక ఒకరోజు, "ఒక్కసారి మా అక్క చేతి ముద్ద తిని వచ్చేస్తానమ్మా రత్నం. తినిపిస్తే తింటాను. గుమ్మంలోంచి పొమ్మంటే వచ్చేస్తాను," అన్నాడు. ఆ రెండో మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేదు. మా వారికి ఆఫీసులో సెలవు దొరకలేదు. నేనే తీసుకెళ్తానన్నాను. పర్మిట్టు గడువు దాటకుండా ఇద్దరమూ తిరిగి రావాలని మా వారు పదిసార్లు చెప్పారు.

స్టీమరులో డెక్కు మీద ప్రయాణం అంటే భయపడనక్కరలేదు. చాపలు, ఒక దుప్పటి, మంచినీళ్ళ కూజా, నిమ్మకాయలు ఉంటే చాలు. ఎక్కగానే ఇంజనుకు దూరంగా, గాలి తగిలే వైపు చోటు చూసుకోవాలి. మొహమాటపడితే పొగగొట్టం పక్కనే దొరుకుతుంది. నేను మొహమాటపడను. నాన్న మాత్రం నాలుగు రోజులూ కమ్మీ పట్టుకుని నిలబడి నీళ్ళు చూస్తూనే ఉన్నాడు. "ఇన్ని నీళ్ళుండి ఒక్క తామరాకు లేదు చూడు," అని సముద్రానికి వంక పెట్టాడు. మద్రాసులో దిగాక సామాను తనిఖీ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కకని తెచ్చిన పసుపుపచ్చ పట్టుగుడ్డను అక్కడి ఉద్యోగి విప్పి, ఇటూ అటూ తిప్పి, మళ్ళీ మడత పెట్టడం చేతకాక నాకే ఇచ్చేశాడు. సాయంత్రం మెయిల్లో మూడో తరగతిలో కూర్చున్నాం. పెట్టెలో అందరూ కొత్త రాష్ట్రం గురించి, కర్నూలు గురించి వాదించుకుంటున్నారు. వాళ్ళు మాట్లాడేదంతా తెలుగే. రైల్లో అంతమందీ తెలుగు మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి వినడం. ఎందుకో కళ్ళు చెమర్చాయి.

పొద్దున్నే ఏలూరు వచ్చింది. మేము దిగవలసినది అక్కడే. అయినా నాన్న లేవలేదు. కిటికీ దగ్గరనుంచి లోపలికి జరిగి, "ముందు తాడేపల్లిగూడెం వెళ్దామమ్మా. అప్పుడు రంగూను నుంచి మనతో నడిచిన అప్పారావుది గూడెమే. అక్క ఉందో లేదో వాణ్ణి అడిగి తెలుసుకుని అప్పుడు వెళ్దాం," అన్నాడు. టిక్కెట్టు ఏలూరు దాకానే తీసుకున్నాం. దిగి, మళ్ళీ టిక్కెట్టు కొని, తరువాత వచ్చిన పాసింజరు ఎక్కేదాకా నేను సణుగుతూనే ఉన్నాను. నాన్న భయపడుతున్నాడని నాకు తెలుసు. తెలిసీ సణిగాను. ఏంచేయను, నా నోరు అలాంటిది.

గూడెం స్టేషను బయట అడిగితే అప్పారావు గురించి చెప్పడానికి ఎవరికీ నిమిషం పట్టలేదు. సంతవైపు వెళ్ళే రోడ్డు మీద కాఫీ హోటలు పెట్టుకున్నాడట. రెండు బల్లలు, రేకుల పందిరి, పెద్ద ఇత్తడి బాయిలరు. బాయిలరు దగ్గర బట్టతల మనిషి ఒకాయన కాఫీ తిరగబోస్తున్నాడు. నాన్న ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఒరే అప్పారావూ," అన్నాడు.

ఆయన తల ఎత్తి చూశాడు. చేతిలో గ్లాసు వంగిపోయి కాఫీ అంతా కాలి మీద పోసుకున్నా కదల్లేదు.

"ఒరే... నీ దినం భోజనం తిన్నానురా నేను!"

బల్ల దగ్గర ఇడ్లీ తింటున్న ఇద్దరు చేతులు ఆపేశారు. నాన్న అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. అప్పారావుగారు వచ్చి ముందు నాన్న చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత భుజం తడిమాడు, ఆ తర్వాత గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఇద్దరూ కావలించుకున్నారు. నాకు కాఫీ ఎవరిచ్చారో, ఎప్పుడు తాగానో గుర్తులేదు.

"మీరు వెనకబడ్డాక రెండు రోజులు చూశామమ్మా," అని ఆయన నాకు చెప్పాడు. "వెనకాల వచ్చినోళ్ళు, కలరాతో దారి పొడుగునా జనం పోయారని చెప్పారు. ఆ శవాల్లో పిల్లని ఎత్తుకున్న మనిషిని కూడా చూశామన్నారు. ఇంక మీరే అనుకున్నాను. ఇంటికి చేరాక నేనే లంకకి వెళ్ళి మీ అత్తకి చెప్పాను. ఆవిడ నమ్మలేదండీ. రెండేళ్ళు ఆగింది. అప్పుడు ఊరి పెద్దలు చెప్పగా, దర్భలతో బొమ్మ చేసి, దోనె మీద పెట్టి దహనం చేసి, జరగవలసినవన్నీ చేసింది. నేనూ వెళ్ళాను. ఆ రోజు కూడా ఆవిడ కంట నీరు పెట్టలేదు. ఊరికే నిలబడి చూసింది."

"అక్క ఉందా?" అని నాన్న అడిగాడు. అన్నిటికన్నా ముందు అడగవలసిన మాట అది. అడగడానికి అంతసేపు పట్టింది.

"ఉంది. కొడుకు కైకలూరులో పనికెళ్ళి అక్కడే ఉంటున్నాడు. ఆవిడ ఆ ఇల్లు వదలదు. ఒక్కతే ఉంటంది."

నాన్న మొహంలోకి వెలుగు వచ్చి అంతలోనే పోయింది. అప్పారావుగారు బల్ల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, "కానీ పెద్దిరాజూ, తిన్నగా గుమ్మంలోకి వెళ్ళకురా. కర్మ చేసేసిన మనిషి గడపలోకి వస్తే ఇంటికి మంచిది కాదంటారు. మీవాళ్ళలో పట్టింపు ఎక్కువ. రానిత్తారో లేదో నేను చెప్పలేను. వెళ్తే పగటిపూటే వెళ్ళు," అన్నాడు. ఎంత చెప్పినా కాఫీ, ఇడ్లీలకు డబ్బు తీసుకోలేదు. తనూ వస్తానని మాత్రం అనలేదు. తన నోటితో చావుకబురు చెప్పిన ఇంటికి మళ్ళీ ఏ మొహంతో వెళ్తాడు! ఆయన్ని నేను తప్పు పట్టలేదు.

ఆ సాయంత్రమే ఏలూరు చేరి, స్టేషనుకు దగ్గరలో ఉన్న సత్రంలో పడుకున్నాం. సత్రం శుభ్రంగానే ఉంది, దోమతెర మాత్రం మీరే తెచ్చుకోండి. మర్నాడు తెల్లవారి జట్కా మాట్లాడుకున్నాం. కొల్లేటి గట్టు దాకా రూపాయిన్నర అన్నాడు, రూపాయికి వచ్చాడు. దారి పొడుగునా కోతకు వచ్చిన వరిచేలు. మంచు ఇంకా విడలేదు. గుర్రం ఇష్టం వచ్చినప్పుడు నడుస్తుంది, ఇష్టం లేనప్పుడు ఆగుతుంది. దానికి తోడు ఒక చక్రం సీల ఊడింది. బండివాడు దాన్ని సరిచేసి మళ్ళీ బయలుదేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గట్టు చేరాక దోనె కోసం మరికొంతసేపు కూర్చున్నాం. పగటిపూట వెళ్ళమన్న మాట ఇద్దరికీ గుర్తుంది.

దోనె అంటే తాటిమానును తొలిచి చేసిన పడవ. కదిలితే ఊగుతుంది, తుమ్మితే ఊగుతుంది. నేను రెండు అంచులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. దోనె నడిపే మనిషి పేరు భద్రయ్య, నలభై దాటినవాడు. ఇద్దరికీ కలిపి రెండు రూపాయలు అడిగాడు. బేరమాడదామనుకున్నాను గాని చుట్టూ నీళ్ళు చూశాక మనసొప్పలేదు. నీళ్ళు నడుములోతు మించవని నాన్న అన్నాడు. ఎవరి నడుము అని నేను అడగలేదు.

ఆ నీళ్ళ మీద నాన్న వేరే మనిషి అయిపోయాడు. కిక్కిస గడ్డి దుబ్బులు మనిషెత్తున నిలబడి దారులు మూసేస్తే, భద్రయ్యకన్నా ముందు నాన్నే "ఎడమకి, ఎడమకి" అనేవాడు. గూడబాతులు గుంపులుగా నీళ్ళ మీద కూర్చున్నాయి. ఒకచోట చేపల కోసం పెట్టిన మావులనే వెదురు బుట్టలు చూసి వంగి చేత్తో తాకాడు. "మా అక్క అల్లితే ఇంకా దగ్గర దగ్గరగా అల్లుతుంది," అన్నాడు. ముప్పై ఏళ్ళు బియ్యం బస్తాలు మోసిన మనిషికి ఇవన్నీ ఇంకా ఎలా గుర్తున్నాయో! నేను చిన్నప్పటినుంచి చూసిన నాన్న సగమేననీ, మిగతా సగం ఇక్కడే వదిలేసి వచ్చాడనీ ఆ దోనెలో కూర్చున్నప్పుడే తెలిసింది. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా అనిపించింది.

నాచు దట్టంగా ఉన్న చోట దోనె దిగబడి, చుట్టు తిరిగి రావలసివచ్చింది. లంక కనిపించేసరికి పొద్దు వాలుతోంది. నీళ్ళలోంచి లేచిన మట్టిదిబ్బ, దాని మీద పాతిక ముప్పై తాటాకు ఇళ్ళు, పొయ్యిల పొగ. రేవుకు దగ్గరగా ఉన్న మొదటి ఇల్లే మాది. తలుపు వేసి ఉంది, సందుల్లోంచి దీపం వెలుతురు కనిపిస్తోంది. భద్రయ్య గడ నేలకు గుచ్చి దోనె ఆపాడు.

నాన్న దిగలేదు. దోనెలోనే లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "అక్కా!" అని పిలిచాడు.

లోపల ఏదో గిన్నె చప్పుడు అవుతున్నది కాస్తా ఆగిపోయింది.

"అక్కా! నేను, పెద్దిరాజుని!"

తలుపు తెరుచుకోలేదు. లోపల దీపం మాత్రం కదిలింది. దీపం పట్టుకున్న మనిషి తలుపు దగ్గరిదాకా వచ్చి నిలబడిందని నాకు స్పష్టంగా తెలుస్తోంది. పక్క ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు గాని ఒక్కరూ నోరు మెదపలేదు. పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం దాటి వచ్చిన మనిషిని గుమ్మంలోంచి పలకరించడానికి కూడా నోరు రాదా? ఇంత కఠినమైన ఆడదాని కోసమా ఈయన జ్వరంలో కలవరించింది?

"పదండి నాన్నా, వెళ్ళిపోదాం," అన్నాను. కోపం వస్తే నేను నాన్నను మీరు అంటాను.

నాన్న మెల్లగా దోనెలో కూర్చున్నాడు. "కోప్పడకమ్మా. ఇక్కడ మూడో పిలుపుకే పలుకుతారు. నీళ్ళ మీంచి ఎవరు పిలిచినా అంతే. పోయినవాళ్ళు కూడా రెండుసార్లు పిలవగలరంట. మూడోసారి పిలవడం వాళ్ళ వల్ల కాదంట. బతికున్నోడే పిలవగలడు. అందుకని మూడోదాకా ఆగుతారు."

"మరి పిలవచ్చు కదా!"

నాన్న వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి కాసేపు ఆడించాడు. తర్వాత నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు. "నాకు దినం కూడా చేసేశారు రత్నం. ఆ మూడోసారి కూడా పిలిచి, అప్పటికీ అక్క తలుపు తియ్యకపోతే, నేనింక ఎవర్ని?"

రంగూనులో నాన్నకు గుర్తింపు కాగితం ఉంది, అందులో ఆయన పరదేశి. ఇక్కడ చచ్చిపోయినవాడు. ఈ రెండు నీళ్ళ మధ్య ఈ మనిషి ఎక్కడివాడో చెప్పగలిగినది ఆ తలుపు వెనక ఉన్న ఆవిడ ఒక్కతే. నా కోపం ఎక్కడికి పోయిందో గాని, నేను మొదటిసారి నాన్న కోసం భయపడ్డాను.

"పిలవండి బాబయ్యగారూ," అన్నాడు భద్రయ్య, గడ మీద గడ్డం ఆనించి. "ఆవిడ అక్కడే నిలబడి ఉన్నారండి. మీరు పిలిస్తేనే కదండీ, ఆవిడ పలికేది. ఆయ్."

నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. నాన్న మళ్ళీ లేచాడు. ఈసారి గట్టిగా అరవలేదు. పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, మామూలుగా పిలిచాడు.

"అక్కా."

ఆ మాట పూర్తి కాకుండానే, "ఓయ్!" అని లోపలినుంచి వచ్చిన కేకకు రేవులో కొంగలు లేచిపోయాయి. తలుపు గోడకు కొట్టుకుంది. తెల్లటి జుట్టు, సన్నటి మనిషి, ఒక చేత్తో దీపం, ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకుని నీళ్ళలోకి దిగి వచ్చేసింది. మోకాళ్ళ లోతున నిలబడి దీపం ఎత్తి నాన్న మొహం చూసింది. "ఇంతసేపా? మూడోది పిలవడానికి ఇంతసేపా? నా పాణం పోయిందనుకున్నాను రా సచ్చినోడా!" అని తిట్టింది. తిట్టి, తను అన్న మాట తనకే వినబడి, చటుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఆ రాత్రి నాన్న ఇంట్లోకి వెళ్ళలేదు. అత్త రమ్మనలేదు. "పెద్దలొచ్చి చెప్పేదాకా గడప దాటకూడదురా. ఇవాళ్టికి అరుగు మీద పడుకో," అంది. అరుగు మీదే ఆకు వేసి కొర్రమీను పులుసు, అన్నం పెట్టింది. ఆవిడ గడప లోపల, నాన్న గడప బయట. ఉత్తరాలు ఏమైనా వచ్చాయా అని అడిగితే, వరదల్లో ఆ లంక మూడుసార్లు ఖాళీ అయిందనీ, టపా అనేది తను కళ్ళతో చూసి ఏళ్ళయిందనీ చెప్పింది. పట్టుగుడ్డ ఇస్తే బుగ్గకు ఆనించుకుని పక్కన పెట్టింది. నన్ను మాత్రం లోపలికి రానిచ్చి, జ్వరం వచ్చి నాన్నను వెనక్కి తిప్పిన పిల్లను నేనేనని తెలిశాక నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇప్పటికీ జ్వరం ఉందేమోనన్నట్టు చూసింది.

మర్నాడు పొద్దున్నే ఊరి పెద్దలు నలుగురు వచ్చారు. చచ్చినవాడని తేల్చిన మనిషిని మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోవాలంటే ఒక్కటే మార్గమన్నారు. మళ్ళీ పుట్టాలి. నాన్న కొల్లేట్లో మునిగి తడిబట్టలతో వచ్చాడు. అత్త వాకిట్లో కాళ్ళు చాపి కూర్చుంది. ఆవిడ ఒళ్ళో చేట, చేటలో బియ్యం. ఆ బియ్యం మీద తల పెట్టి నాన్న ముడుచుకుని పడుకున్నాడు. నెరిసిన మీసాల నాన్న నాలిక మీద ఆముదం చుక్క వేస్తే మొహం అంతా వికారంగా పెట్టాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

"ఏడవాలి నాయనా," అన్నాడు అందరిలోకీ పెద్దాయన. "పుట్టిన బిడ్డ ఏడవాలి. ఏడిస్తేనే బతికున్నట్టు."

నాన్న సిగ్గుపడుతూ "ఆఁ, ఆఁ" అని రెండుసార్లు ఉత్తుత్తి ఏడుపు ఏడిచాడు. మళ్ళీ నవ్వులు. అత్త మాత్రం నవ్వలేదు. వంగి నాన్న చెవిలో "పెద్దిరాజు" అని చెప్పింది. ఇంకోసారి చెప్పింది. మూడోసారి చెప్పేటప్పుడు నాన్న తలను రెండు చేతులా పొదువుకుంది. అప్పుడు నాన్న ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ పోయిననాడు కూడా కట్టె పేర్చి ఊరికే నిలబడ్డాడు. ఆ వాకిట్లో మాత్రం వెక్కి వెక్కి, ఒళ్ళంతా కదిలిపోయేటట్టు ఏడ్చాడు. దర్భబొమ్మ కాలుతున్నప్పుడు కంట నీరు పెట్టని అత్త కూడా ఏడ్చింది. నవ్విన ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. తర్వాత అత్త నాన్న చెయ్యి పట్టుకుని గడప దాటించి, లోపల కూర్చోబెట్టి, అన్నం కలిపి ముద్ద నోటికి పెట్టింది. నాన్న కోరిన ముద్ద అదే. ఇంక పని అయిపోయిందనుకున్నాను.

అక్కడ ఎన్నాళ్ళున్నామో చెప్పనక్కరలేదు. చూడవలసినవి చాలానే ఉన్నాయి. పొద్దున్నే దోనె కట్టించుకుని పక్షుల్ని చూడవచ్చు, కొల్లేటికోటలో అమ్మవారిని దర్శించుకోవచ్చు. తాగే నీళ్ళు కాచుకోండి. బయలుదేరవలసిన రోజు దగ్గరపడ్డాక నేను పెట్టె సర్దడం మొదలుపెట్టాను. నాన్న పంచెలు మడత పెడుతుంటే ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో సగం అల్లిన మావు ఉంది.

"నావి వద్దులేమ్మా."

"వద్దంటే?"

"పురిటిబిడ్డను కదా. పురిటిబిడ్డ నీళ్ళు దాటకూడదంట."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. పర్మిట్టు గడువు గుర్తు చేశాను. గడువు దాటితే మళ్ళీ రంగూను రానివ్వరని చెప్పాను. మన ఇల్లు, నేను, అమ్మను సాగనంపిన ఊరు అంటూ గొంతు పెంచాను. నాన్న అన్నీ విన్నాడు. "నీకు మీ ఆయన ఉన్నాడమ్మా, స్కూలుంది. నీ చోటు నీకుంది. అక్కకు ఇక్కడ ఎవరూ లేరు," అని గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో అత్త చేపలు శుభ్రం చేస్తూ ఇటు తిరగకుండా కూర్చుని ఉంది. ఉండమని ఆవిడ ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఆవిడతో దెబ్బలాడేదాన్ని. దెబ్బలాడటానికి ఎవరూ దొరక్క ఆ రాత్రంతా ఏడ్చాను. తెల్లారాక పెట్టెలోంచి నాన్న పంచెలు తీసి దండెం మీద వేశాను.

తిరుగు ప్రయాణంలో భద్రయ్య దోనె, జట్కా, మెయిలు, స్టీమరు అన్నీ వచ్చినట్టే ఉన్నాయి. మద్రాసు రేవులో డెక్కు మీద చాప పరిచాక, ఒక పెద్దాయన వచ్చి నా పక్కన ఉన్న ఖాళీ చూసి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. లేరని చెప్పి, నా చాప కొంచెం ఇటు లాక్కున్నాను. నాన్న నాకు దూరమయ్యాడనే మాట నిజమే. కానీ ఆ వాకిట్లో ఆయన ఏడ్చిన ఏడుపు విన్నాను. మనవాళ్ళు ఇక్కడ ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు బస్తాలు మోసి, పిల్లల్ని చదివించి, పండగలకు నవ్వుతూ తిరుగుతుంటే సుఖంగానే ఉన్నారనుకుంటాం. వాళ్ళ పేరు పెట్టి పిలిచే గొంతు ఎక్కడో ఉండిపోయిందని మనకు తట్టదు. ఆ గొంతు దొరికిన మనిషిని వెనక్కి లాక్కురావడం నా వల్ల కాలేదు. వచ్చాక మా వారు నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇక వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. రానూపోనూ టిక్కెట్లు కలిపి తీసుకుంటే కొంత తగ్గుతుందని స్టీమరు ఆఫీసు గుమాస్తా చెబుతాడు. మీకు అలాగే తీసుకోండి. మీ అమ్మకో నాన్నకో మాత్రం వెళ్ళడానికి ఒక్కటే తీసుకోండి.